ఒక్క రాత్రి గోడ

లండన్ శివార్లలో మా పెద్దవాడి ఇంటికి దగ్గరే ఆస్టర్లీ పార్కు. నెత్తిమీద హీత్రూకి దిగే విమానాలు, ఎస్టేటును కోసుకుంటూ పోయే ఎం4 రోడ్డు హోరు. వాటి నడుమ పచ్చిక బయళ్ళు, నాలుగు మూలలా నాలుగు బురుజులతో ఎర్ర ఇటుకల మేడ. ఆదివారం నన్నూ మనవరాలినీ అక్కడ దింపి మావాడు ఏదో పనుందని వెళ్ళాడు.

1570లలో ఆ మేడ కట్టించింది లండన్‌లో రాయల్ ఎక్స్ఛేంజి పెట్టిన వర్తకుడు, సర్ థామస్ గ్రెషమ్. 1713లో చైల్డ్ అనే బ్యాంకర్ల కుటుంబం చేతికొచ్చింది. 1761 నుంచి రాబర్ట్ ఆడమ్ దాని రూపురేఖలే మార్చేశాడు. గదుల వైభవం ఫోటోల్లో చూసుకోవచ్చు. నన్ను పట్టుకున్నది ముంగిట్లో విన్న కథ.

1576లో ఎలిజబెత్ రాణి ఇక్కడికి విడిదికొచ్చి, ముంగిలి మరీ పెద్దదిగా ఉంది, నడుమ గోడ ఉంటే బాగుండునందట. గ్రెషమ్ ఆ రాత్రికి రాత్రే లండన్ నుంచి పనివాళ్ళను పిలిపించాడు. రాణి నిద్ర లేచేసరికి ముంగిలి రెండు ముక్కలు!

"ఒక్క రాత్రిలోనా!" అని మనవరాలు నోరు తెరిచింది. నాకు పౌరుషం వచ్చింది.

"అదేం గొప్ప? తెనాలిలో మీ తాత కూడా ఒక్క రాత్రిలోనే కట్టించాడు."

మా తమ్ముడు అత్తారింటికి వెళ్ళిన రాత్రి. రెండు పెట్రోమాక్స్ లైట్లు, ఇద్దరు తాపీ మేస్త్రీలు, నలుగురు కూలీలు. తులసికోట నా వైపు పడేలా తాడు నేనే పట్టుకున్నాను. తెల్లారి తమ్ముడు వచ్చి, చేతిలో సంచీ కూడా దించకుండా, ఇంకా తడారని ఆ గోడ ముందు నిలబడిపోయాడు.

"మరి మీ అమ్మ ఏ పక్కనుండేది?"

"నెలకో పక్క. వంతులు."

"తులసికోట నీ వైపుంది కదా?"

"అటున్న నెలలో వీధి చుట్టూ తిరిగొచ్చి నీళ్ళు పోసేది." నవ్వుతూనే చెప్పాను.

పిల్ల కాసేపు ఆలోచించింది.

"నానమ్మేమో బాబాయ్ వాళ్ళింట్లో, నువ్వేమో మా ఇంట్లో. ఈ గోడ ఎవరు కట్టారు తాతయ్యా?"

పాత గుర్రపుశాలలో ఇప్పుడు టీ, కేకులు అమ్ముతారు. మావాడు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాం. కేకు తిన్నంతసేపూ పిల్ల మళ్ళీ అడగలేదు.

మా ఆవిడ డల్లాస్‌లో చిన్నవాడి దగ్గర ఉంది. వచ్చే నెల ఒకటో తారీఖుకి టికెట్లు తీశారు. నేను అక్కడికి, ఆవిడ ఇక్కడికి.