థర్మోకోల్ బొర్రా గుహలు

డిసెంబరు వచ్చిందంటే విశాఖ చుట్టుపక్కల ప్రైవేటు బళ్ళకు సైన్సు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. తలకింతని డబ్బు కట్టించుకుని, తెల్లారకముందే పిల్లల్ని బస్సెక్కించి, సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని బొర్రా గుహలకు తోలుకెళ్తారు. సర్క్యులర్‌లో మాత్రం 'చేసి నేర్చుకునే సృజనాత్మక విజ్ఞాన యాత్ర' అని ఉంటుంది. చేసేదేమిటంటారా? బస్సులో అంత్యాక్షరి, ఘాట్ రోడ్డు మీద వాంతులు. రెండూ పిల్లలు స్వయంగా చేసేవే, కాదనలేం.

గుహలో దిగగానే లెక్కలు మొదలు. తలల లెక్కలు. గైడు టార్చి కొట్టి ఇది శివపార్వతులు, ఇది తల్లీబిడ్డ, ఇది మొసలి, ఇదిగో మనిషి మెదడు అంటాడు. యాత్ర మొత్తానికి మెదడు కనబడేది ఆ ఒక్కచోటే. గైడుననేదేముంది, ఆయన బతుకుతెరువది. మరి సైన్సు మాస్టారేరి? బయట బ్యానరు పట్టుకుని గ్రూపు ఫొటో ఏర్పాట్లలో ఉన్నారు.

ఈలోగా పైనుంచి ఓ చుక్క చెంప మీద పడుతుంది. పిల్ల తుడిచేసుకుంటుంది. అసలు పాఠం ఆ చుక్కలోనే ఉంది. వాననీరు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని, సున్నపురాయిని కరిగించుకుంటూ దిగుతుంది. గుహ కప్పు దగ్గర ఆ వాయువును వదిలేసి, రవ్వంత రాయిని అక్కడే అంటించి పోతుంది. అలా దిగే రాతి ఊడ ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరిగితే గొప్పే. పదో తరగతిలో చెప్పే ముక్కే ఇది: సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడుతుంది, ఆపకుండా ఊదితే మళ్ళీ తేరుకుంటుంది. గుహను తొలిచిందీ ఆ తేరుకోవడమే. తేరిన నీళ్ళను కాస్త వేడిచేస్తే తెలుపు తిరిగొస్తుంది. ఊడలు దిగేది ఆ తెలుపుతోనే.

బళ్ళోనే చేసి చూడదగ్గ పని ఇంకోటుంది. రెండు గ్లాసుల వేడినీళ్ళలో ఇక కరగనని మొరాయించేదాకా బట్టల సోడా కలిపి, రెండింటి మధ్యా ఉన్నిదారం వేలాడదీసి, కింద సాసరు పెడితే కొద్దిరోజుల్లో బుల్లి ఊడ దిగుతుంది. నిజానికి గుహలో జరిగేది ఇది కాదు, ఇక్కడ నీరు ఆవిరై సోడా గడ్డకడుతుందంతే. ఆ తేడా పట్టుకున్న పిల్లకు బస్సు డబ్బులు గిట్టినట్టే.

అబ్బే, అది ఫొటోలో ఏం కనిపిస్తుంది? ప్రాజెక్టంటే థర్మోకోల్ గుహ. అర్ధరాత్రి దాకా తండ్రి బ్లేడుతో కోస్తాడు, తల్లి రంగులేస్తుంది, డీటీపీ షాపువాడు ఇంగ్లీషులో వివరాలు కొట్టిస్తాడు. పిల్ల పేరూ రోల్ నంబరూ రాస్తుంది. లోపల సీరియల్ బల్బులు పెట్టించినవాళ్ళకు ఫస్టు ప్రైజు. కొండకు వేల ఏళ్ళు పట్టిన ఊడలు మన కాలనీలో ఒక్క రాత్రిలో దిగిపోయాయి, ఇంతకన్నా సృజన ఏం కావాలి!

వచ్చే ఏడాది యాత్ర ఏదో ఫిల్మ్ స్టూడియోకట. మంచిదే. అక్కడి గుహలు ముందే థర్మోకోల్‌వి. తండ్రులకు ఒక రాత్రి నిద్ర మిగులుతుంది.