ముహూర్తం లోపు తేలని ఎడంచేతి స్పిన్

వియ్యాలవారి మధ్య ఎత్తకూడని సంగతులు కొన్ని ఉన్నాయి. కట్నం, రాజకీయం, పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువైన వైనం. ఎడంచేతి స్పిన్నర్లని కూడా ఆ జాబితాలో చేర్చాలని నా మనవి.

మండపేటలో మా చెల్లెలి పెళ్ళి. తెల్లవారుజాము ముహూర్తం. విడిదింట్లో జంపఖానా మీద రెండు వైపుల మగాళ్ళూ నిద్ర ఆపుకుంటూ కూర్చున్నారు. ఎవరో కుర్రాడు ఊరుకోలేక, "అందరికంటే గొప్ప లెఫ్టార్మ్ స్పిన్నర్ ఎవరంటారు?" అన్నాడు.

పెళ్ళికొడుకు మేనమామగారు దిండు పక్కన పడేసి లేచారు. "ఎవరేమిటి? బేడీ! ఆ రంగురంగుల పట్కా, ఆ నడక, ఆ ఫ్లైటు! సిక్సు కొట్టినవాడికి చప్పట్లు కొట్టేవాడండీ!" అంటూ మా వైపు చూశారు, భోజనాల దగ్గర మేం ఎవరికీ చప్పట్లు కొట్టలేదన్నట్టు.

మా బాబాయి బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. ఆడపెళ్ళివాడు కాబట్టి కాదనలేడు. "నూటికి నూరుపాళ్ళు నిజం బావగారూ. 67 టెస్టులు, 266 వికెట్లు. ఆ అందం ఇంకెవరికొస్తుంది?" అన్నాడు. మావయ్యగారు మెత్తబడ్డారు. బాబాయి ఇంకో మెచ్చుకోలు వదిలాడు. మావయ్యగారు క్రీజు దాటి బయటికొచ్చారు. అప్పుడు మెల్లిగా, "అయితే రంగన హెరాత్‌వి 433" అన్నాడు. స్టంపౌట్.

బాబాయి హెరాత్ భక్తికి అసలు కారణం వికెట్లు కావని మా ఇంట్లో అందరికీ తెలుసు. హెరాత్ కూడా బ్యాంకు ఉద్యోగే. మురళీధరన్ 2010లో రిటైరయ్యేదాకా జట్టులో చోటే నికరం లేకపోయినా, నలభై ఏళ్ళు వచ్చేదాకా ఆడి, టెస్టుల్లో ఏ ఎడంచేతి స్పిన్నరూ తీయనన్ని వికెట్లు తీశాడు. ఆలస్యంగా ప్రమోషనొచ్చిన ప్రతి ఉద్యోగికీ హెరాత్ ఇలవేల్పే.

"లెక్కలు కిరాణా కొట్టులో చూసుకోండి" అన్నారు మావయ్యగారు. దాంతో సభ రెండుగా చీలింది.

ఇంగ్లండ్ వెళ్ళొచ్చిన అల్లుడొకాయన అండర్‌వుడ్ పేరెత్తాడు. 1968 ఓవల్ టెస్టులో వాన వెలిశాక ప్రేక్షకులే దిగి మైదానం తుడిచారనీ, ఆఖరి నిమిషాల్లో ఆయన ఆస్ట్రేలియాని కూల్చి 50 పరుగులకి 7 వికెట్లు తీశాడనీ చెప్పాడు. "అందులో సగం వికెట్లు తుడిచినవాళ్ళ ఖాతాలో వెయ్యాలి" అని కొట్టిపారేశారు. మూల కూర్చున్న తాతగారు హెడ్లీ వెరిటీ అన్నారు. 1934లో లార్డ్స్ టెస్టులో 15 వికెట్లు తీశాడు, బ్రాడ్‌మన్‌ని టెస్టుల్లో ఎనిమిది సార్లు ఔట్ చేశాడు, 1943లో యుద్ధంలో గాయపడి ఇటలీలో పోయాడు. "మీరు చూశారా తాతగారూ?" అంటే, "రాముణ్ణి నువ్వు చూశావురా?" అన్నారు. ఎదురు మాట్లాడినవాడు లేడు.

నడ్కర్ణి పేరు వంటవాళ్ళ మేస్త్రీ ఎత్తాడు. 1964లో మద్రాసులో ఇంగ్లండ్ మీద 32 ఓవర్లు వేసి 5 పరుగులిచ్చాడు, వరసగా 21 మెయిడెన్లు. వికెట్ మాత్రం ఒక్కటీ లేదు. నెయ్యి వడ్డించేవాడు అలాగే ఉండాలని మేస్త్రీ ఉద్దేశం.

పక్కనే ఆలమూరు కాబట్టి అక్కడ పుట్టిన వెంకటపతిరాజుకి స్థానిక ఓట్లు బాగానే పడ్డాయి. సన్నగా ఉండేవాడు కాబట్టి జట్టువాళ్ళు ముద్దుగా 'మజిల్స్' అనేవారట. 1990లో చండీగఢ్‌లో శ్రీలంక మీద 12 పరుగులకి 6 వికెట్లు తీశాడు. హైదరాబాద్‌కి ఆడిన ఓజా మాటొస్తే మాత్రం నాకు గొంతు పట్టేస్తుంది. 2013లో వాంఖెడేలో పది వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అందుకున్నాడు. దేశమంతా సచిన్ వీడ్కోలుకి ఏడుస్తోంది. ఓజాకి కూడా అదే ఆఖరి టెస్టని ఎవరికీ తెలీదు. తెలిసుంటే ఒకే ఖర్చులో రెండు ఏడుపులూ అయిపోయేవి.

నేను రాజిందర్ గోయల్ అన్నాను. రంజీల్లో 637 వికెట్లు, నేటికీ అదే రికార్డు. బేడీ కాలంలో పుట్టిన పాపానికి టెస్టుల్లో సున్నా మ్యాచ్‌లు. "ఆడనివాడు గొప్పవాడెలా అవుతాడు?" అన్నారు. ఆడలేదు కాబట్టే టెస్టుల్లో ఆయన్ని కొట్టినవాడు లేడు! నా తర్కం ఎవరికీ రుచించలేదు.

ఇంతలో పసుపు నీళ్ళ చెంబుతో వెళ్తున్న పెళ్ళికూతురి స్నేహితురాలు ఆగి, "కడప అమ్మాయి శ్రీచరణి 2025లో 14 వికెట్లు తీసి ప్రపంచ కప్పు పట్టుకొచ్చిందిగా, ఆవిడ పేరు లేదేం?" అంది. రెండు పక్షాలవాళ్ళూ పైకప్పు ఫ్యాను వైపు చూశారు. ఆ రాత్రి మేమంతా ఏకాభిప్రాయానికొచ్చింది అక్కడొక్కచోటే.

పెళ్ళి సలక్షణంగా జరిగింది. బాబాయీ మావయ్యగారూ ఇప్పటికీ వాట్సాప్‌లో ఆడుతూనే ఉన్నారు. గోయల్‌ని పక్కన పెట్టమంటే నా ఓటు బేడీకే, ఆ చప్పట్ల కోసం. సిక్సు కొట్టినవాడు పొంగిపోయి మరో బంతికి ముందుకొచ్చేవాడు, ఈయనకి కావలసిందీ అదే. మీరు హెరాత్ అన్నా నాకు అభ్యంతరం లేదు, వెరిటీ అంటే లేచి దణ్ణం పెడతాను. జడేజాకి ఓటడిగేవారు మాత్రం దయచేసి బౌలింగ్ గురించే మాట్లాడండి. ఆయన క్యాచ్‌లూ, రనౌట్లూ, కత్తిసామూ వేరే పెళ్ళిలో చూసుకుందాం.