పువ్వు చూడగానే పేరు చెప్పెయ్యడం ఎలా?

పొలం గట్టు మీదో, కంచె మీదో గరాటు ఆకారంలో పువ్వు కనబడిందా? అది మార్నింగ్ గ్లోరీల్లో ఏ జాతిదో అర నిమిషంలో తేల్చెయ్యడానికి ఇవిగో చిట్కాలు.

1. రంగు చూస్తే చాలు. కొల్లి తీగకు తెల్లవారుజామున నీలంగా విచ్చుకున్న పువ్వు ఎండెక్కి వాడే వేళకు గులాబీ రంగుకు తిరుగుతుంది. రేకుల కణరసంలో ఆమ్లత్వం మారితే రంగూ మారిపోతుంది. కాబట్టి అదే తీగ దగ్గరికి రెండు పూటలా వెళ్లండి. రెండు జాతులు కనిపెట్టిన ఘనత మీదే.

2. ఒక్క ఆకే కొయ్యండి. కొల్లి తీగకు మూడు తమ్మెల ఆకులు మామూలే గానీ, అదే తీగకు చీలికల్లేని హృదయాకారపు ఆకులూ రావచ్చు. ఒక్క ఆకు చూసినవాడికి అనుమానమే రాదు. పది ఆకులు చూసినవాడికే తిప్పలన్నీ.

3. పువ్వును వెనక్కి తిప్పొద్దు. అక్కడ అయిదు రక్షకపత్రాలుంటాయి. సన్నగా పొడుగ్గా సాగి, మొదట్లో బిరుసు నూగు ఉంటే కొల్లి కావచ్చు. పొట్టిగా, నున్నగా ఉంటే వేరేది. వృక్షశాస్త్రం చదివినవాళ్లు ముందు వెతికేది వీటినే. మీరు మాత్రం ఫొటో ఎదురుగానే తియ్యండి. ఇక మీ మాట తప్పని ఎవరూ నిరూపించలేరు.

4. లోపలికి తొంగి చూడొద్దు. కీలాగ్రం గుండ్రని బొడిపెలా ఉంటే ఐపోమియా, రెండు సన్నని పాయలైతే కన్వాల్వులస్. విష్ణుక్రాంతికి కీలాలే రెండు, ఒక్కొక్కటీ మళ్లీ రెండుగా చీలుతుంది. ఇదంతా చూడాలంటే భూతద్దం కొనాలి. డబ్బు దండగ.

5. చోటుతో పని లేదు. సముద్రపు ఇసుకలో పాకుతూ, కొసన నొక్కున్న మందపాటి ఆకులతో కనబడేది బాలబంధి తీగ. చెరువు నీళ్లలో బోలు కాడలతో తేలేది తూటికూర. ఎక్కడ దొరికిందో రాసుకోవడం మర్చిపోతే రెండూ ఒకటే.

6. అనుమానముంటే వండుకోండి. తూటికూర పప్పులోకి బాగుంటుంది. గట్టున నిటారుగా, గట్టి కాడలతో పొదలా పెరిగే లొట్టపీసుకూ అలాంటి లేత గులాబీ పువ్వే, లోపల బోలు కాడే. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ విషపు మొక్కను వారాల తరబడి మేసిన మేకలు వణికి, కాళ్లు తడబడి కూలబడతాయి. ఈ చిట్కా తప్పని ఏ మేకా ఇంతవరకూ వచ్చి చెప్పలేదు.

7. ఎవరైనా "రక్షకపత్రాలు చూశావా?" అని నిలదీస్తే, పట్టిన కుందేలుకు మూడే కాళ్లనండి. అప్పటికీ వదలకపోతే కాశీరత్నం దగ్గరికి తీసుకెళ్లండి. ఈకల్లా సన్నగా చీలిన ఆకులు, అయిదు కొసల ఎర్రటి పువ్వు. దాని పేరు చిన్నపిల్లలైనా చెబుతారు గనక, మీరూ చెప్పగలరు.