పాలిష్ సూత్రము - టీకా తాత్పర్య సహితము

మూలము: "పాలిష్ పడితే అన్నీ పోతాయి సార్."

అవతారిక: కొత్త ఇంటి హాలులో తాండూరు బండలు పఱచుట ముగిసినది. బండ అంచు కాలికి తగులుచున్నదని, కీళ్ల వెంట తెల్లని పొడి లేచుచున్నదని, మూలనున్న బండ తట్టిన డొల్లగా మోగుచున్నదని యజమాని మొఱపెట్టగా, మేస్త్రి పలుకుచున్నాడు.

ప్రతిపదార్థము: పాలిష్ = నీళ్లు పోసి, నంబరు రాళ్లు మార్చుచు, మెషీనుతో బండను అరగదీయుట; పడితే = జరిగినచో (ఎప్పుడో చెప్పలేదు; ఎవరు చేయుదురో అసలే చెప్పలేదు); అన్నీ = సమస్త దోషములును; పోతాయి = నశించును, లేదా కొన్నాళ్లు కనబడవు; సార్ = ఇంకను బాకీయున్న ఓ యజమానుడా.

టీక: "అన్నీ" అనుచోట వివాదము కలదు. అంచుల ఎత్తుపల్లములు మెషీనుకు లొంగుననుట నిజమే. తాండూరు బండ సున్నపురాయి, గ్రానైటు కంటె మెత్తన, వేగముగా అరుగును. తెల్లపొడి సంగతి వేఱు. క్రింది ఇసుక సిమెంటులలోని లవణము తేమతో పైకి వచ్చి, నీరు ఆరిపోగా మిగిలినది అది. పాలిష్‌కు పోయు నీళ్లు దానికి విందుభోజనము. తడి ఆరినకొద్ది, పొడిగుడ్డతో తుడుచుకొనగా క్రమముగా తగ్గును. గోడ అవతల బాత్‌రూము లీకైనచో ఎన్నటికిని ఆగదు. ఇక డొల్ల: బండ అడుగున మాలు అంతటను అంటలేదు. దానిపై బీరువా కాలు మోపిన నాడు పగులును. ఆ బండ లేపి మరల వేయవలసినదే. కావున పోవునది ఒక్కటే. "అన్నీ" అను బహువచనము గౌరవార్థకమని గ్రహించునది.

పాఠాంతరము: కొన్ని సైట్లలో "యాసిడ్ కొడితే అన్నీ పోతాయి" అను పాఠము వినబడును. ఇది మూలము కంటె సత్యము, ఏలన బండయు పోవును. సున్నపురాయిపై యాసిడ్ పడగానే బొగ్గుపులుసు వాయువు బుస్సున పొంగును. ఆ నురుగు చూచి మురికి వదలుచున్నదని పనివారు సంతసింతురు, కరగుచున్నది రాయి. బేతంచెర్ల, కడప బండలకును, మార్బుల్‌కును ఇదే గతి. వంటింట నిమ్మరసము, చింతపులుసు చిందినచోట మెఱుపు చచ్చి మచ్చ పడుటకు కారణమిదే. గ్రానైటుకు ఈ బెడద అంతగా లేదు.

అలంకారము: అతిశయోక్తి. కొందఱు స్వభావోక్తి యందురు. వారు ఇల్లు కట్టించి చూచినవారు.

తాత్పర్యము: ఓ యజమానుడా! పాలిష్ పెట్టువాడు వేఱొకడు. అతడు వచ్చునాటికి నేను మఱియొక సైటులో ఉందును. నా లెక్క నేడే తేల్చుము.

పాఠకులకు మనవి: లెక్క తేల్చుటకు ముందే రూపాయి నాణెముతో ప్రతి బండను నాలుగు మూలలా, నడుమ తట్టి చూడుడు. డొల్ల పలికినదానిపై సుద్దముక్కతో గుర్తు పెట్టి, మేస్త్రి చేతనే లేపించి వేయించుకొనుడు. పాలిష్ ఆ తరువాత.