మీటలు బయటికి, రాత లోపలికి

పసుపు, ఎర్రజొన్నలకు గిట్టుబాటు ధర కోరుతూ 2019 లోక్‌సభ ఎన్నికల్లో 178 మంది రైతులు బరిలో దిగగా నిజామాబాద్ అభ్యర్థుల సంఖ్య 185కు చేరడంతో, ప్రతి పోలింగ్ కేంద్రంలోనూ ఓటింగ్ యంత్రానికి 12 బ్యాలెట్ యూనిట్లను, అనగా అభ్యర్థుల మీటలుండే పెట్టెలను, వరుసగా పేర్చవలసి వచ్చింది.

రైతుకొక మీట దక్కినా, ఆ మీట నొక్కితే ఏమి చేయాలో యంత్రానికి చెప్పే రాతను, అనగా సోర్స్ కోడ్‌ను, ఓటరు కంట పడనీయరు, భద్రత కోసమేనట. కాటా మీద అనుమానం వస్తే బోధన్ చెరకు రైతు బండిని మరో కాటాకు తోలుకోగలిగేవాడు (అక్కడి చక్కెర కర్మాగారం నిజాం షుగర్స్ 2015 డిసెంబరులోనే మూతపడింది కనుక ఆ బాధా తప్పింది). ఓటుకైతే, అది ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ యంత్రపు అద్దం వెనుక ఏడు సెకన్లు మెరిసే చీటీయే దిక్కు.

2010లో ఇలాంటి ఓటింగ్ యంత్రం మూత తీసి లోపాలు చూపిన హైదరాబాద్ సాంకేతిక నిపుణుడు హరిప్రసాద్‌ను, లోపాల సంగతి తర్వాత, ముందు యంత్రం ఎవరిచ్చారో చెప్పమంటూ పోలీసులు అరెస్టు చేయగా, డిజిటల్ హక్కుల కోసం పోరాడే అమెరికా సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అదే ఏడాది ఆయనకు పయనీర్ అవార్డు ఇచ్చింది.

సోర్స్ కోడ్‌ను స్వతంత్రంగా తనిఖీ చేయించాలన్న వ్యాజ్యాన్ని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది.