గేటుకి మిగిలిన రంగు

నౌపడలో ఇనుముకి ఆయుర్దాయం తక్కువ. ఉప్పుమళ్ల మీదుగా వచ్చే గాలి ఊరికే రాదు, ఇంత ఉప్పు మూటగట్టుకుని మరీ వస్తుంది. గోడకి మేకు కొడితే క్యాలెండరు మారేలోగా మేకు పోయి ఎర్ర చార మిగులుతుంది. మా వీధి గేటు ఏటా పొక్కులు లేచేది, నాన్న ఏటా దానికి ఎనామిల్ వేయించేవారు. గేటుకి పోను డబ్బా అడుగున పావులీటరు మిగిలేది. నాన్న దేన్నీ పారబోసే మనిషి కాదు. ఆ పావులీటరూ బ్రష్షుతో సహా యెజ్డీకి వెళ్లేది.

1985లో కొన్న బండి అది. దాన్ని తయారుచేసిన మైసూరు కంపెనీ 1996లో మూతబడినా మా ఇంట్లో మాత్రం యెజ్డీ బతికే ఉంది. కొత్తలోనే నాన్న విశాఖపట్నం తీసుకెళ్లి ముందు ఫైబర్ డూమూ, వెనక రెండు ఫైబర్ సైడు బాక్సులూ పెట్టించారు. ఆ వేషంతో పర్లాకిమిడి చిన్న రైలుతో పందెం వేసి గెలిచానని చెప్పుకునేవారు. 1900లో మొదలై, 2 అడుగుల 6 అంగుళాల పట్టాల మీద 2004 దాకా నడిచిన ఆ రైలుని మేకలు కూడా గెలిచేవని అమ్మ అనేది.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి వేపకొమ్మ విరిగి బండి మీద పడింది. ట్యాంకు నొక్కుకుపోయింది, ఫైబర్ మాత్రం గీతతో సరిపెట్టుకుంది. నిరుటి వేసవి సెలవుల్లో పాత రంగంతా తీసేసి కొత్తగా వేయిద్దామని నాకు బుద్ధి పుట్టింది. పాతికేళ్లుగా నేను కెమిస్ట్రీ పాఠాలు చెబుతున్నాను. ఆ మాట ముందే చెప్పేస్తే తరవాత సిగ్గు తక్కువ.

టెక్కలి నుంచి పెయింట్ రిమూవర్ తెచ్చి ముందు ట్యాంకు మీద పూశాను. పది నిమిషాల్లో రంగు నూనెలో వేసిన అప్పడంలా పొంగి లేచింది. ఆహా అనుకుని అదే ఊపులో సైడు బాక్సుకీ పట్టించాను. అదీ పొంగింది. గీకాను. గీకుతూంటే కింద గట్టిగా తగలాల్సింది మెత్తగా తగిలింది. ఎందుకైనా మంచిదని బొటనవేలితో నొక్కి చూశాను. రిజిస్ట్రారాఫీసులో పడినదానికంటే స్పష్టంగా వేలిముద్ర పడింది.

భావనపాడులో ఫైబర్ పడవలకి మాట్లు వేసే ఆయన్ని పిలిపించాను. వేలిముద్రని చూసి, నన్ను చూసి, మళ్లీ వేలిముద్రని చూశాడు.

“ఏటి మాస్టారూ, పడవకి మందేసి రంగు తీసినోణ్ని ఎక్కడైనా సూసేరా? ఫైబరంటే గాజునార. దానికి రెసిను గంజి. రంగుని తినీ మందుకి గంజి సేదా?”

ఆ రిమూవర్‌లో ఉండే మిథిలీన్ క్లోరైడు గురించి ఇంతకంటే సూటిగా నేనెప్పుడూ చెప్పలేదు. పరువు నిలుపుకుందామని “పోనీ కాస్టిక్ సోడాలో నానబెడితే?” అన్నాను. “బట్టలుతుకుతారేటి?” అన్నాడు. అప్పుడు వెలిగింది. ఆ గంజి పాలియెస్టరు. ఎస్టరుకి క్షారం తగిలితే ఏమవుతుందో ఏటా బోర్డు మీద రాసేది నేనే, పిల్లలకి సబ్బు తయారీ చూపించేదీ నేనే. రాత్రంతా నానబెట్టి ఉంటే పొద్దుటికి అది అటు బాక్సూ కాదు, ఇటు సబ్బూ కాదు.

ఇక చేతులే గతి. వాటికి తోడు ఉప్పు కాగితం. నౌపడవాడికి ఆ పేరుతో వస్తువు అమ్మడం వెటకారం కాకపోతే ఏమిటి? పైరంగు విరగడానికి 80 నంబరు, ఆ తరవాత 120, చివరికి 220. రంగుల కింద జెల్‌కోట్ అని అర మిల్లీమీటరు మందాన చర్మం ఉంటుంది, నీళ్లు లోపలికి పోకుండా కాపాడేది అదే. అది కనిపించగానే చెయ్యి ఆపాలి. తడుపుతూ రుద్దాలి, లేకపోతే ధూళి లేస్తుందని పడవలాయన చెప్పాడు. చెప్పింది నేను రెండు గంటలు రుద్దాక.

ఆ గీత పడిన చోట జెల్‌కోట్ దాటి నారలోకి వెళ్లిపోయానట. గాజు పొడి దురద దూలగొండికి పెద్దన్న. గోకితే ఇంకా లోపలికి దిగుతుంది. వేణ్నీళ్లు పోసుకుంటే హాయిగా ఉంటుందనుకున్నాను, దురదకీ హాయిగానే ఉన్నట్టుంది, రెట్టింపైంది. చన్నీళ్లు దిమ్మరించుకుని, ఎవరూ చూడకుండా లుంగీని వాషింగ్ మెషీన్లో పడేశాను. మర్నాటికి ఇంటిల్లిపాదీ గోక్కుంటున్నారు. నా భార్య పరుపులెండేసింది, నల్లుల మందు కొట్టించింది. నేను నోరు విప్పలేదు. ఇప్పుడు ఈ వ్యాసం చదివే ఆవిడకి తెలుస్తుంది.

మూడోరోజుకి డూము మీద రంగులు చెట్టు మొద్దులో వలయాల్లా బయటపడ్డాయి. అమ్మ కుర్చీ వేయించుకుని పక్కన కూర్చుంది.

“ఈ వెండి రంగు మీ చెల్లి పెళ్లినాటిది. ఈ నీలం మీ తాత పోయిన ఏడు. ఈ పచ్చరంగేసిన ఏడే కదరా, నువ్వు ఇంటరు తప్పేవు?”

“ఒక్క సబ్జెక్టేనమ్మా.”

“ఏ సబ్జెక్టండీ?” అంది నా భార్య, గోక్కుంటూ.

“కెమిస్ట్రీ” అంది అమ్మ.

మొత్తం తొమ్మిది పొరలు లెక్కతేలాయి. మెత్తబడిన చోటుని పడవలాయన కోసేసి, గాజుమ్యాటు రెండు వరసలు రెసినుతో అతికించాడు. నా వేలిముద్ర ఆ ముక్కతో పాటే పోయింది. లప్పం, ప్రైమరు అయ్యాక టెక్కలిలో మెరూన్ స్ప్రే చేయించి, మిగిలిన రంగు వెంట తెచ్చుకున్నాను. పావులీటరుంది. మూత బిగిస్తూంటే, అరుగు మీద కూర్చున్న అమ్మ డబ్బా వంక చూసి, మెల్లిగా గేటు వైపు తిరిగింది.