తొమ్మిదో నిజాం లెక్క

బేగంపేట ఒక ఆడపిల్ల కట్నం. రెండో నిజాం కూతురు బషీరున్నిసా ‘పైగా’ నవాబుల ఇంటి కోడలైనప్పుడు ఈ నేల ఇచ్చారనీ, బేగం గారి పేట కాబట్టి బేగంపేట అయిందనీ చెప్పుకుంటారు. కూతురికి పేట, కొడుక్కి కోట. ఇంతవరకు రూలు తేటగానే ఉంది. ఏ కొడుక్కి అని అడిగితేనే అసఫ్‌జాహీ వంశాచారం నీళ్ళు నములుతుంది.

పెద్దకొడుక్కా? 1748లో మొదటి నిజాం పోయేసరికి పెద్దాయన గాజీయుద్దీన్ ఢిల్లీలో ఉన్నాడు. దగ్గరున్న రెండోవాడు నాసిర్ జంగ్ గద్దెక్కేశాడు. కాదు, తాత నన్నే వారసుణ్ణి చేశాడని కూతురి కొడుకు ముజఫర్ జంగ్ లేచాడు, ఫ్రెంచివాళ్ళు అవునవునన్నారు. 1750లో మేనమామ హతం. రెండు నెలలు తిరక్కుండా రాయచోటి దగ్గర మేనల్లుడూ హతం. ఫ్రెంచి సేనాని బుస్సీ దొర అక్కడికక్కడే మూడో కొడుకు సలాబత్ జంగ్‌ను నిలబెట్టాడు. ఆ ఉపకారానికి 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ళ పరమయ్యాయి. హైదరాబాదు గద్దె తగవుకు శిస్తు కట్టింది శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు రైతులన్నమాట! పెద్దాయన ఈలోగా వాటా అడగడానికి ఔరంగాబాదు దాకా వచ్చి, విషం పెడితే పోయాడంటారు. చివరికి 1762లో తమ్ముడు నిజాం అలీ, అన్న సలాబత్‌ను బీదరు కోటలో బంధించి రెండో నిజాం అయ్యాడు.

రెండోనా? మధ్యలో ఏలిన ముగ్గురూ ఏరీ? వాళ్ళకు నంబరు లేదు. ఢిల్లీ నుంచి అసఫ్ జా బిరుదు అందలేదట. పద్నాలుగేళ్ళ పాలన ఆ దెబ్బకు లెక్కలోంచి ఎగిరిపోయింది.

వారసుల విషయంలో కాకతీయులే నయం. కొడుకుల్లేని గణపతిదేవుడు కూతురికే పట్టం కట్టాడు. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజని మగపేరుతో చెక్కించారు గానీ, రాజు మాత్రం రుద్రమే.

రాజ్యం 1948లో పోయింది, నంబర్లు మాత్రం పోలేదు. ఏడో నిజాం పెద్దకొడుకు ఆజమ్ జాను పక్కనపెట్టి మనవడు ముకర్రం జాను వారసుణ్ణి చేశాడు. ముద్ర మళ్ళీ ఢిల్లీదే. కాకపోతే ఈసారి వేసింది పాదుషా కాదు, రాష్ట్రపతి. 1967 ఏప్రిల్‌లో చౌమహల్లాలో పట్టాభిషేకం. 1971లో అదే ఢిల్లీ 26వ సవరణతో బిరుదునూ, రాజభరణాన్నీ కలిపి ఊడబెరికింది. అయినా 2023 జనవరిలో ఆయన ఇస్తాంబుల్‌లో పోగానే కొడుకు అజ్మత్ జా తొమ్మిదో నిజాం అయ్యారు. వారసుల్లోనే మరో వర్గం ఇంకొక తొమ్మిదో నిజాంను ప్రకటించింది. ఏలినవాళ్ళకు నంబరు లేదు. ఏలడానికి గజం నేల లేనిచోట ఒకే నంబరుకు ఇద్దరు!

విలేకరులకు ఒక మనవి. రాజ్యాంగం ప్రకారం రాయదలిస్తే నిజాం అనే మాటే వద్దు. చరిత్ర ప్రకారం రాయదలిస్తే ఆ ముగ్గురినీ కలుపుకోండి. అప్పుడు తొమ్మిదో నిజాం పన్నెండోవాడు.